ఎముకల రాజు గుహలో తనిఖీ

మా ఆయన రాడోస్వెట్‌కు లోమ్ ఊళ్ళో సగం మంది నోళ్ళు తెలుసు. దంతవైద్యులు కొలతలు తీసి పంపిస్తే, ఇంటి కింది గదిలో కూర్చుని పళ్ళ సెట్లు చేస్తాడు. పని అయ్యాక అదే ప్లాస్టరుతో, అవే సన్నటి కుంచెలతో వేలెడంత వీరులనూ రాక్షసులనూ చేస్తాడు. శుక్రవారం సాయంత్రం నలుగురు స్నేహితులు దిగుతారు. ఆ బొమ్మలన్నీ బల్ల మీదికి వస్తాయి. రాడో కథ మొదలుపెడతాడు: "మీరు ఒక గుహ ముందు నిలబడ్డారు. లోపలి నుంచి ఏదో మూలుగు వినిపిస్తోంది." మిగిలినవాళ్ళు ఆ కథలో మనుషులైపోయి, నేను కత్తి దూశాను అని ఒకడు, నేను చెట్టెక్కాను అని ఒకడు అంటారు. కత్తి తగిలిందా, కొమ్మ విరిగిందా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. కథ నడిపేవాణ్ణి గేమ్ మాస్టర్ అంటారు. పద్నాలుగేళ్ళ కాపురంలో నేను ఆ బల్ల దగ్గరికి తినడానికేదైనా పెట్టి రావడానికే వెళ్ళాను.

ప్లోవ్‌డివ్‌లో ఒక క్లబ్బు ఏటా ఈ గేమ్ మాస్టర్లకు పోటీ పెడుతుంది. పన్నెండు పేజీలకు మించకుండా ఒక కొత్త ఆటను రూపొందించి పంపాలి. బాగున్న మూడింటిని ఎంచి, వాటిని తయారుచేసినవాళ్ళను నవంబరులో పిలిపించి జనం ముందు ఆడించమంటారు. రాడో ఆరుసార్లు పంపాడు. ఆరుసార్లూ "పాల్గొన్నందుకు ధన్యవాదాలు" అని వచ్చింది. ఆరోసారి మాత్రం ఒక న్యాయనిర్ణేత కింద చేత్తో రెండు ముక్కలు రాశాడు. "తాళాలు బాగున్నాయి, ఉచ్చులు బాగున్నాయి. ఆ గుహలో కాపురం ఉంటున్నదెవరో మాత్రం తెలియలేదు."

"ఎవరేమిటి?" అని వారం రోజులు ఇంట్లో తిరిగాడు రాడో. "భూతాలు! నలభై మరుగుజ్జు భూతాలని మొదటి పేజీలోనే రాశానుగా!"

ఈ ఏడు కొత్త నియమం ఒకటి పెట్టారు. ఇలాంటి ఆట జన్మలో ఆడని ముగ్గురితో ఆడించి చూడాలి. వాళ్ళ అభిప్రాయాలు వాళ్ళ చేతిరాతతో, సంతకాలతో జతచెయ్యాలి.

"ఎప్పుడూ ఆడనివాళ్ళు ముగ్గురు కావాలి. ఎక్కడ తెచ్చేది?" అన్నాడు.

"ఊరంతా వాళ్ళేగా," అన్నాను.

"ఊరంతా ఉన్నారు. పిలిస్తే వచ్చేవాళ్ళెవరు?"

వేళ్ళు మడిచి లెక్కపెడితే ముగ్గురం తేలాం. నేను, పక్కింటి వెల్కో బాబాయి, మా అమ్మ.

మా అమ్మ గెర్గీనా ముప్పై ఒక్క ఏళ్ళు ఆరోగ్య శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసింది. ఊళ్ళో ఏ క్యాంటీను గుమ్మంలో ఆమె నీడ పడినా లోపల గరిటెలు జారిపడేవి. రిటైరై రెండేళ్ళయింది, మా పై అంతస్తులో ఉంటోంది. ఒకరోజు రొట్టె సంచీ బల్ల మీద విసిరికొట్టి, "ఆ బేకరీ పిల్ల ఫోన్లో కబుర్లాడుతూనే రొట్టె చేతిలో పెట్టిందే. గ్లౌజు లేదు, పాడు లేదు. ఇదివరకు నేను కాలు పెడితే అందరూ లేచి నిలబడేవాళ్ళు," అంది. రాడో అక్కడే కుళాయి బిగిస్తున్నాడు. వాళ్ళిద్దరి మధ్య మాటలు ఎప్పుడూ తక్కువే. వాన, పొగగొట్టం, మళ్ళీ వాన. రాడో లేనప్పుడు మాత్రం, "ఆ అబ్బాయి ఎప్పటికి పెద్దవాడవుతాడే?" అని నన్ను అడిగేది.

వెల్కో బాబాయి రేవులో కస్టమ్స్ అధికారిగా చేసి దిగిపోయాడు. ఇప్పటికీ మెట్ల మీద ఎవరు ఎదురైనా ముందు సంచీ వంక చూస్తాడు, తర్వాత మొహం వంక.

ఆదివారం భోజనాలయ్యాక ముగ్గురం బల్ల దగ్గర చేరాం. ప్లాస్టరు గుహ, ఎముకల సింహాసనం, పిల్లి అంత డ్రాగను. వెల్కో బాబాయి ఆ డ్రాగను వంక ఒంగి ఒంగి చూశాడు.

"ఒరే రాడో, దాని నోట్లో కింది వరస నాది."

"మీరు వద్దని వెనక్కి పంపిన సెట్టు బాబాయ్. పారెయ్యడం ఎందుకని..."

"నాకు బిగుతన్నాను. దానికి చక్కగా సరిపోయింది," అని తృప్తిగా వెనక్కి వాలాడు.

రాడో పాత్రలు పంచాడు. బాబాయి మంత్రగాడు. నేను దొంగ. అమ్మ గొడ్డలి పట్టిన వీరవనిత.

"ఈ గొడ్డలి ఎందుకు నాయనా?"

"భూతాల్ని కొట్టడానికి అత్తయ్యా."

"ఏం చేశాయవి?"

"ఊరివాళ్ళ బంగారు గిన్నె ఎత్తుకెళ్ళి ఎముకల రాజుకిచ్చాయి."

"ఫిర్యాదు ఉందా? కాగితం మీద?"

రాడో పన్నెండు పేజీలూ తిరగేశాడు. ఫిర్యాదు లేదు. "ఉందనుకోండి," అని గొంతు మార్చాడు. "మీరు గుహలో అడుగుపెట్టారు. చిమ్మచీకటి. ఏ మూల నుంచో కుళ్ళిన మాంసం వాసన..."

అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. ఇక అయిపోయిందనుకున్నాను.

"ఏ మూల?"

"ఏ మూలంటే... ఎడమ మూల. కుప్పగా పడేసి ఉంది."

"కప్పి ఉందా?"

"అత్తయ్యా, అవి భూతాలు."

"భూతాలైతే కడుపునొప్పి రాదా? ఎంతమంది ఉంటారిక్కడ?"

"నలభై మంది."

"నలభై మందికి మరుగుదొడ్లెన్ని?"

రాడో నాలుగో పేజీ చూశాడు, ఏడో పేజీ చూశాడు. "రాయలేదు," అన్నాడు.

"రాయలేదంటే లేనట్టే." అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి నోటుబుక్కు తీసింది.

రాడో ఆమెను ఎలాగైనా కథలోకి లాగాలని లేచి, చెయ్యెత్తి అరిచాడు. "అంతలో ఒక భూతం ఈటె ఎత్తి మీ మీదికి ఉరికింది! ఏం చేస్తారు?"

"నీ పేరేంటి నాయనా?"

"నా పేరా?"

"నిన్ను కాదయ్యా. దాన్ని."

నలభై భూతాల్లో ఒక్కదానికీ పేరు లేదు. "గ్... గ్రుజ్," అన్నాడు రాడో.

"గ్రుజ్, ఆ ఈటె కింద పెట్టి నీ ఆరోగ్య పరీక్షల పుస్తకం చూపించు. పుస్తకం లేనివాడు మాంసం దగ్గర నిలబడకూడదు."

"పాచిక వెయ్యాలత్తయ్యా. పది దాటితేనే అది మీ మాట వింటుంది."

అమ్మ వేసింది. ఇరవై పడింది.

"ఇరవై మంచిదేనా?"

"అంతకన్నా మంచిది లేదు," అన్నాడు రాడో, ఇంట్లో ఎవరో పోయినట్టుగా.

తర్వాత ఒక పెట్టె వచ్చింది. మూత ఎత్తితే విషపు సూది గుచ్చుకుంటుంది. రాడో దాని మీద రెండు రాత్రులు పనిచేశాడు. వెల్కో బాబాయి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"తెరవమను."

"ఎవర్ని బాబాయ్? మీరే తెరవాలి."

"మేమెప్పుడూ తెరవం. పెట్టె ఎవరిదో వాడు తెరుస్తాడు, మేం చూస్తాం. ముప్పై ఏళ్ళలో ఒక్క మూత మీద నా చెయ్యి పడలేదు."

అలా గ్రుజే పెట్టె తెరిచాడు, సూది గ్రుజ్‌కే గుచ్చుకుంది. "అయ్యో, నా తండ్రీ!" అని అమ్మ కట్టు కట్టడానికి లేచింది. అందరూ గ్రుజ్ చుట్టూ మూగినప్పుడు నేను, "వాడి నడుముకున్న తాళాలగుత్తి కొట్టేస్తున్నాను," అన్నాను. పద్దెనిమిది పడింది. కుర్చీ వెనక్కి పడేలా లేచి నేను పెట్టిన కేకకు కింద వీధిలో కుక్క మొరిగింది. పద్నాలుగేళ్ళ నుంచి ఈ ఆటను ఎందుకు వదులుకున్నానా అనిపించింది.

మూడు గంటలు గడిచినా మేం మొదటి గదిలోనే ఉన్నాం. పొడుపుకథల వంతెన, కూలే పైకప్పు, ఏడు తాళాల తలుపు, అన్నీ పేజీల్లోనే ఉండిపోయాయి. అమ్మ గ్రుజ్‌తో, "మీ యజమాని దగ్గరికి తీసుకెళ్ళు. వెనకదారి ఉంటుందిగా, సరుకులు తెచ్చేది," అంది. వెనకదారి లేకుండా నలభై మందికి తిండి ఎలా వస్తుందని ఆమె అడగకముందే, ఉందని ఒప్పుకున్నాడు రాడో.

అప్పుడతను కాగితాలు మూసేశాడు. కాసేపు అమ్మ వంకే చూశాడు. "ఎముకల రాజు సింహాసనం మీద ఉన్నాడు," అన్నాడు మెల్లగా. "మీరు గుమ్మంలో కాలు పెట్టారు. ఆయన లేచి నిలబడ్డాడు. కిరీటం సర్దుకున్నాడు. ఇవాళ వస్తారని చెప్పలేదే మేడమ్ అన్నాడు."

అమ్మ కళ్ళజోడు తీసి జాకెట్టు అంచుతో తుడుచుకుంది.

"చెప్పి వస్తే అది తనిఖీ ఎలా అవుతుంది?" అంది. తర్వాత గుహకు తాళం వేసి సీలు పెట్టింది.

మర్నాటికి అభిప్రాయాలు చేతికొచ్చాయి. అమ్మది నాలుగు పేజీలు, పద్నాలుగు లోపాలు, ఒక్కోదానికి గడువు. వెల్కో బాబాయిది రెండే వాక్యాలు: "పెట్టె యజమాని సమక్షంలో తెరవబడింది. అభ్యంతరం లేదు." నేను "మళ్ళీ ఎప్పుడు?" అని రాశాను.

రాడో తల పట్టుకున్నాడు. "ఇవి పంపితే ప్లోవ్‌డివ్ అంతా నవ్విపోతుంది." సాయంత్రానికి మూడు కొత్త అభిప్రాయాలు తనే తయారుచేసి, మా చేతిరాతతో ఎక్కించమని తెచ్చాడు. బాబాయి తన కాగితం దూరంగా పట్టుకుని చదివాడు.

"వంతెన మీద ఊపిరి బిగబట్టాను... ఏ వంతెనరా?"

"అదే బాబాయ్, పొడుపుకథల వంతెన."

"దాటామా మనం?"

"దాటలేదనుకోండి, కానీ..."

"దాటని వంతెన దాటానని సంతకం పెట్టనా? ముప్పై ఏళ్ళు రేవులో నిలబడ్డానురా. చూడని సరుకు చూశానని ఒక్కనాడు రాయలేదు." మాకోసం తెచ్చిన మిరపకాయ పచ్చడి సీసాను మళ్ళీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ తన కాగితం తిరిగిచ్చేసింది. "ఊపిరి ఆడలేదని నేనూ రాశానుగా. ఆరో లోపం. గాలి వచ్చే దారి లేదు."

మూడు రోజులు రాడో కింది గదిలో పళ్ళు చేస్తూ కూర్చున్నాడు. ఒక పెద్దమనిషి పైవరసకు ఇరవై పళ్ళు పెట్టి పంపితే డాక్టరు ఫోన్ చేసి, "ఈయనేమైనా డ్రాగనా?" అని అడిగింది. గురువారం మధ్యాహ్నం నేను మిరపకాయలు కాలుస్తుంటే, నోటుబుక్కు పట్టుకుని పై అంతస్తు మెట్లెక్కుతూ కనిపించాడు. వెనకాలే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

"అత్తయ్యా, మీరొస్తున్నారని ముందే తెలిస్తే వంటశాలల్లో ఏం చేసేవాళ్ళు?"

"ఏం చెయ్యలేదని అడుగు," అంది అమ్మ. "ఒకచోట వంటమనిషిని బీరువాలో దాచారు. ఆవిడ తుమ్మింది. ఒక పిల్లల బడిలో చెడిపోయిన జున్నంతా పిల్లల కోట్ల కింద పెట్టి షికారుకు పంపించేశారు. నేను వీధిలోనే ఎదురయ్యాను. ఇంకొక మహానుభావుడు ఎలుకను చూపించి, పెంపుడుదండీ అన్నాడు. పేరేంటయ్యా అంటే వెంటనే చెప్పలేకపోయాడు."

రాడో రాసుకుంటున్నాడు. కాసేపటికి రాయడం మానేసి నవ్వుతున్నాడు. అమ్మ చేతులు తిప్పుతూ, ఆ తుమ్ము ఎలా వచ్చిందో కూడా చేసి చూపించింది. మిరపకాయలు మాడిపోయాయి.

పాత పన్నెండు పేజీలూ పక్కనపడేసి రాడో మళ్ళీ రాశాడు. ఈసారి ఆడేవాళ్ళే భూతాలు. గంటలో ఇన్‌స్పెక్టరు వస్తుందని కబురొస్తుంది. రాజుగారు నిన్నటి రాకియా సారా మత్తు వదలక మంచం దిగలేదు. సరుకుల గదిలో డ్రాగను నిద్రపోతోంది. మాంసం ఎడమ మూలనే ఉంది. ఉన్న గంటలో ఏది సర్దుతారో, ఏది దాస్తారో, ఎవరు ఎవరి మీదికి నెడతారో, అదే ఆట. నలభై భూతాలకూ పేర్లు పెట్టాడు. మరుగుదొడ్లు మూడు కట్టించాడు. అమ్మ నాలుగు కావాలంది. బేరమాడి మూడుకు ఒప్పించాడు.

మేం ముగ్గురం ఇక కొత్తవాళ్ళం కాదు కాబట్టి, అమ్మ స్వయంగా వెళ్ళి బేకరీ నుంచి ముగ్గురమ్మాయిలను పట్టుకొచ్చింది. ఇన్‌స్పెక్టరు పాత్ర ఆమెదే. ఆ అమ్మాయిలకు భయం నటించవలసిన అవసరం రాలేదు. ముగ్గురూ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ అభిప్రాయాలు రాసిచ్చారు. వెల్కో బాబాయి ఆ కాగితాలు అక్షరం వదలకుండా చదివి, "ఇవి ఆడి రాసినవే," అని, కవరు తనే అంటించాడు. పచ్చడి సీసా కూడా తిరిగి వచ్చింది.

అక్టోబరు చివర్లో ఉత్తరం వచ్చింది. మొదటి మూడింటిలో మాదొకటి. రాడో ఆ ఉత్తరం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివి, నాకివ్వకుండా నేరుగా పైకి తీసుకెళ్ళి అమ్మకిచ్చాడు. ఆమె చదివి, "తేదీ వేశారు, ముద్ర లేదు," అంది. ఆ రోజే ఉద్యోగంనాటి బూడిదరంగు సూటు తీసి ఇస్త్రీ చేసుకుంది.

ప్లోవ్‌డివ్‌లో ఒక పాత పొగాకు గోదాములో పెట్టారు పోటీ. రెండొందల మంది ఉంటారు. ఆడడానికి వచ్చిన నలుగురు కుర్రాళ్ళూ గడ్డాలు పెంచి, పాచికలు తోలు సంచుల్లో వేసుకుని, రోజూ ఇదే పనన్నట్టు కూర్చున్నారు. రాడో "ఇన్‌స్పెక్టరు వస్తోంది" అనడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి అమ్మ ఆగలేక తెర వెనక నుంచి వచ్చేసింది.

"ఎవరిక్కడ బాధ్యులు?" అంది.

నలుగురూ పక్కవాణ్ణి చూపించారు. గోదామంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత రాడో తడుముకోకుండా కథ అందుకున్నాడు.

కుర్రాళ్ళు తెలివైనవాళ్ళే. డ్రాగను మీద గుడ్డ కప్పి పొయ్యి అన్నారు.

"పొయ్యి గురక పెడుతోందేం?"

"పాత మోడలు మేడమ్."

"వారంటీ కాగితం?"

ఇంకొకడు ఒంగి, గొంతు తగ్గించి, "మీ కోసం చిన్న బంగారు గిన్నె ఉంచాం మేడమ్," అన్నాడు. అమ్మ ఆ లేని గిన్నెను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది.

"కడిగారా దీన్ని?"

ముందు వరసలో ఒకాయన కుర్చీలోంచి జారిపోయాడు. రాడో మొహం వెలిగిపోతోంది. చిక్కంతా చివర్లో వచ్చింది. అతను రాసిన నియమం ప్రకారం, చివరి పాచికలో పదిహేను దాటితే గుహ తనిఖీలో నెగ్గినట్టే. కుర్రాడు వేశాడు. పదిహేడు. చప్పట్లు మొదలయ్యాయి.

"ఒక్క నిమిషం," అంది అమ్మ. "మాంసం ఇంకా ఎడమ మూలనే ఉంది."

"అత్తయ్యా, పదిహేడు పడింది," అన్నాడు రాడో నవ్వుతూ.

"మాంసాన్ని పాచిక చూసిందా? నేను చూశాను."

"అలా రాసుకున్నాం కదా."

"నువ్వు రాశావు. నేను సంతకం పెట్టాలి."

"గేమ్ మాస్టర్ని నేనత్తయ్యా!"

"ఇన్‌స్పెక్టర్ని నేను!"

న్యాయనిర్ణేతలు కలాలు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. జనం రెండు పక్షాలైపోయారు. వెనక నుంచి ఎవరో "మాంసం కప్పండ్రా!" అని అరిచారు. వెల్కో బాబాయి లేచి, "ఆవిడ చెప్పింది కరెక్టు!" అన్నాడు. నేను అతని కోటు పట్టి కూర్చోబెట్టాను. ఐదు నిమిషాల వాదన తర్వాత అమ్మ ఏడు రోజుల గడువిచ్చి, షరతులతో సంతకం పెట్టింది. రాడో చెమట తుడుచుకున్నాడు.

మాకు రెండో స్థానం వచ్చింది. మొదటిది వర్నా నుంచి వచ్చిన అమ్మాయికి, ఓడలకు దారి చూపే దీపస్తంభం చుట్టూ అల్లిన ఆటకు. తేడా ఒక్క మార్కు. న్యాయనిర్ణేతల్లో నెరిసిన జుట్టాయన రాడో చెయ్యి పట్టుకుని ఊపుతూ చెప్పాడు.

"ఆ గుహలో ఉంటున్నవాళ్ళ పేర్లు నిద్రలో కూడా మరిచిపోను. కానీ నియమాలకు లోబడి నడిపారా అన్న దగ్గర ఒక మార్కు తీసెయ్యక తప్పలేదు. మీ ఇన్‌స్పెక్టరు గారు మీ నియమాలనే ఒప్పుకోలేదు కదా."

ఇంటికి వచ్చే రైల్లో రాడో కిటికీ వైపు, అమ్మ తలుపు వైపు కూర్చున్నారు. సోఫియా దాటింది.

"ఒక్క మార్కత్తయ్యా," అన్నాడు చివరికి. "ఒకే ఒక్క మార్కు."

"గుడ్డముక్క కప్పితే వచ్చేది ఆ మార్కు. డ్రాగను మీద కప్పడానికి గుడ్డ దొరికింది, మాంసానికి దొరకలేదా ఆ గడ్డాలవాళ్ళకి?"

రాడో ఆలోచించాడు. "అది నిజమే," అన్నాడు.

మెజ్‌ద్రా దాటాక అమ్మ సూటు మీద పడ్డ రొట్టె పొడి దులుపుకుంటూ అడిగింది.

"వచ్చే ఏటికి ఏం రాస్తున్నావు?"

"ఇంకా ఏమీ అనుకోలేదు."

"ఓడ మీద పెట్టు. ఓడల్లో ఎలుకలుంటాయి."

ఎదుటి సీట్లో కునుకు తీస్తున్న వెల్కో బాబాయి ఒక కన్ను తెరిచాడు. "ఓడలంటే నా శాఖ," అని లేచి, నన్ను జరగమని, వాళ్ళిద్దరి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. బ్రుసార్త్సీలో రైలు మారేటప్పుడు ముగ్గురూ నోటుబుక్కు మూయకుండానే దిగారు. సంచులన్నీ నేనే మోశాను. లోమ్ చేరేసరికి ఓడకు పేరు, కెప్టెనుకు కీళ్ళనొప్పులు, వంటవాడికి ఒక గతం ఏర్పడ్డాయి. ఎలుకలు ఎన్నుండాలన్న దగ్గర మాత్రం ఇంకా తేలలేదు. రాడో వందంటున్నాడు. అమ్మ, కాగితాల మీద చూపించడానికి ఎన్ని, నిజంగా ఎన్ని అని అడుగుతోంది.